కారులో కుంపటి

సూర్యాపేటలో మా పాత కాన్పుల దవాఖానను పడగొడుతున్నారని తెలిసి పోయిన నెల చూడటానికి వెళ్లాను. నేను చేరేసరికే సగం పోయింది. మందుల గది లేదు, వరండా లేదు. వెనకవైపు కారు షెడ్డు ఒక్కటే మిగిలింది. దానికీ పైరేకులు తీసేశారు గానీ నేల మీద నూనె మరకలు అలాగే ఉన్నాయి. అక్కడ నిలబడగానే కాగిన తోలు సీటు, పెట్రోలు, ఫినాయిలు కలిసిన వాసన ముక్కుకు తగిలినట్టయింది. ఇన్నేళ్ల తర్వాత వాసన మిగిలి ఉండదని నాకు తెలియక కాదు. అయినా తగిలింది. పడగొట్టే కూలీల మేస్త్రీ నన్ను చూసి, "ఏమన్న పోగొట్టుకున్నవా అమ్మా, ఎతుకుతున్నవ్?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఇంటికి వచ్చాక మాత్రం ఆ కారు సంగతి, ఇమామ్ చాచా సంగతి రాసిపెట్టాలనిపించింది.

నర్సు చదువు ముగించి ఆ దవాఖానలో చేరేనాటికి నాకు ఇరవై ఏళ్లు నిండి కొన్ని నెలలే అయింది. మా నాన్న కోదాడలో బడిపంతులు. కోదాడవాళ్ల మాట అప్పటికే కొంచెం ఆంధ్రావైపు వంగి ఉండేది. నేను "ఉంటుంది", "అవుతుంది" అంటే సూర్యాపేట ఆడవాళ్లు కాన్పు నొప్పుల్లో కూడా నవ్వేవాళ్లు. మా డాక్టరమ్మది గుంటూరు వైపు. ఆమెను చూసి ఎవరూ నవ్వేవాళ్లు కాదు. నడివయసు మనిషి. తెల్లచీర, చేతికి గడియారం, మెడలో సన్నని గొలుసు, అంతే. పెళ్లి ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం ఆ ఊళ్లో ఎవరికీ ఉండేది కాదు. కాఫీ గింజలు మాత్రం ఆదివారం పూట తనే స్వయంగా వేయించుకునేది. ఆ పని వేరొకళ్ల చేతిలో పెట్టేది కాదు.

తెల్లవారుజామునే దవాఖాన లేచేది. ఆయా సాయమ్మ పెరట్లో రాళ్లపొయ్యి రాజేసి పెద్ద డేక్షాలో నీళ్లు పెట్టేది. కత్తెరలు, పటకార్లు, బట్టలు అందులో కుతకుత ఉడికేవి. పక్క పొయ్యి మీద డాక్టరమ్మ కాఫీ. ఉడికే గుడ్డల వాసన, కాఫీ వాసన కలిసి వస్తే ఇక తెల్లారిందని లెక్క. డాక్టరమ్మ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చుని, రాత్రి చేరినవాళ్ల వివరం నన్నడిగేది. ఆమె ప్రశ్నలు ఎప్పుడూ అవే నాలుగు. ఎక్కడ? ఎప్పటి నుంచి? ఎప్పుడు ఎక్కువవుతోంది? ఎప్పుడు తగ్గుతోంది? ఈ నాలుగింటికీ జవాబు తెచ్చుకోకుండా ఆమె ముందుకు వెళ్లానా, "మళ్లీ వెళ్లి అడిగి రా" అనేది. కోపంగా కాదు. కాఫీ చల్లారేలోపు నేను తిరిగి వస్తానన్న నమ్మకంతో అనేది.

అదే సమయానికి ఇమామ్ చాచా నమాజు చేసుకుని వచ్చేవాడు. ఆయన మా కారు డ్రైవరు. గడ్డం నెరిసిన, పొట్టిగా గట్టిగా ఉండే మనిషి. ఎండైనా వానైనా ఒకటే ఖాకీ కోటు. జేబులో లవంగాలు. కారులో కడుపు తిప్పిన ప్రతి మనిషికీ ఒక లవంగం ఇచ్చేవాడు. వచ్చీ రాగానే బకెట్టు నీళ్లతో కారు కడిగి, పాత మల్లుగుడ్డతో తుడిచి, లోపల ముందు భాగాన ఉన్న చెక్కపలకకు, దాని మీది ఇత్తడి బిళ్లలకు కొబ్బరినూనె రాసి మెరిపించేవాడు. తుడుస్తూ ఆ కారుతో మాట్లాడేవాడు. "ఇయ్యాల హుజూర్‌నగర్ పోవాల్నట బేటీ, రోడ్డు మంచిగ లేదు, జర ఓపిక పట్టు" అనడం నేను చాలాసార్లు విన్నాను.

ఆ కారు మాకు మిర్యాలగూడ నుంచి వచ్చింది. అక్కడ రైసుమిల్లు ఉన్న ఒక వ్యాపారుల కుటుంబం వాళ్ల కోడలికి డాక్టరమ్మ కష్టమైన కాన్పు చేసి తల్లినీ బిడ్డనూ దక్కించింది. ఆ సంతోషంతో వాళ్లు కారును దవాఖానకు ఇచ్చేశారు. అంతకుముందు అది హైదరాబాదులో ఒక జాగీర్దారుది. జాగీర్లు పోయాక మిల్లువాళ్లు కొన్నారు. కారు ఎటు పోతే ఇమామ్ చాచా అటు పోయాడు. జాగీర్దారు దగ్గరా ఆయనే డ్రైవరు, మిల్లువాళ్ల దగ్గరా ఆయనే, మా దగ్గరా ఆయనే. నల్లరంగు సీమ కారు, ఇంగ్లండులో తయారైంది. వెనకభాగం గుండ్రంగా, సీట్లు తోలుతో ఉండేవి. మిల్లువాళ్లు దాన్ని పెళ్లి ఊరేగింపులకు తప్ప పెద్దగా బయటికి తీసేవాళ్లు కాదట. మాకు మాత్రం అది రోజూ పని చేసింది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ తవ్వుతున్న రోజులవి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆడవాళ్లు నిండు చూలుతో తట్టలు మోసేవాళ్లు. హుజూర్‌నగర్, నేరేడుచర్ల, మేళ్లచెరువు, ఎటు నుంచి కబురు వచ్చినా కారు కదిలేది. వెంట నేను గానీ సాయమ్మ గానీ వెళ్లేవాళ్లం.

కారు వచ్చింది వానలు వెనకబట్టిన రోజుల్లో. ఆ చలికాలమంతా దాన్ని పొగడని మనిషి లేడు. మునగాల దగ్గర పొద్దున్నే మంచు కమ్మి, రోడ్డు పక్కన మనుషులు గొంగళ్లు కప్పుకుని వణుకుతుంటే మేము లోపల హాయిగా కూర్చునేవాళ్లం. "గీ కార్ల సలే లేదు సిస్టరమ్మా. తల్లి ఒడిల కూసున్నట్టున్నది" అని సాయమ్మ కాళ్లు చాపుకునేది. ఇమామ్ చాచా వెనక్కి తిరగకుండానే గర్వంగా, "జాగీర్దార్ సాబ్ కారు అంటే ఏమనుకున్నవ్?" అనేవాడు.

ఎండలు ముదిరాక ఆ ఒడి కాస్తా కొలిమి అయింది. కారు పది మైళ్లు పోయేసరికి లోపల కూర్చున్న మనిషి చీర తడిసి సీటుకు అంటుకునేది. ముందు సీట్లో కూర్చుంటే పాదాలు నేల మీద ఆనించలేకపోయేదాన్ని. ఇది చాలదన్నట్టు, నొప్పులు పడే మనిషికి గాలి తగలకూడదని వెంట వచ్చిన పెద్దవాళ్లు అద్దాలన్నీ ఎత్తేసి, పరాయి కళ్లు పడకుండా దుప్పటి అడ్డం కట్టేవాళ్లు. హుజూర్‌నగర్ అవతల కాలువ పని దగ్గర నుంచి తెస్తున్న ఒకామె సగం దారిలో స్పృహ తప్పింది. ఇమామ్ చాచా కారు ఆపి, తలుపులు బార్లా తీసి, రేడియేటరు కోసం తెచ్చుకున్న నీళ్లు ఆమె ముఖం మీద చల్లాడు. తేరుకుంది. దవాఖానలో మగపిల్లాడు పుట్టాడు. ఇద్దరూ క్షేమమే. కానీ ఆ కబురు మాత్రం క్షేమంగా పోలేదు. వారం తిరగకముందే, ఆ కారు ఎక్కితే కడుపులో బిడ్డ ఉడికిపోతుందని పల్లెల్లో చెప్పుకోవడం మొదలైంది.

మేము చేతనైనవన్నీ చేశాం. నల్లరంగు ఎండను లాగుతోందని ఇమామ్ చాచా అన్నాడు. అది నిజమేననిపించి డాక్టరమ్మ కారు పైకప్పుకు సున్నం వేయించింది. ప్రాణంగా చూసుకున్న కారుకు తన చేత్తోనే సున్నం పూస్తున్నప్పుడు ఇమామ్ చాచా ముఖం చూడాలి! మరునాడు ఆ తెల్లటి నెత్తితో కారు బజారులో పోతుంటే జనం ఆగి చూశారు. లోపల మాత్రం వేడి వేడిగానే ఉంది. తర్వాత మిర్యాలగూడ తీసుకుపోయి, లారీలు బాగుచేసే ఒక మేస్త్రీకి చూపించాం. ఇంజను వేడెక్కుతోందేమో చూడమంటే ఆయన బానెట్ ఎత్తి, చాలాసేపు నడిపించి చూసి, "ఇంజన్ సల్లగనే ఉన్నది చాచా. వేడి సూపే సూది లేస్తనే లేదు. కారుది ఏం తప్పు లేదు, ఎండలది" అన్నాడు. ఎండలను ఎవరు బాగుచేస్తారు? తిరిగి వచ్చేశాం.

అలాంటి సమయంలో మేళ్లచెరువు దగ్గరి ఒక పల్లె నుంచి కబురు వచ్చింది. లక్ష్మి అనే అమ్మాయికి తొలి కాన్పు. నేనే వెళ్లాను. బిడ్డ అడ్డం తిరిగింది. అది ఇంట్లో అయ్యే పని కాదని చెయ్యి పెట్టి చూడగానే తెలిసింది. కానీ అత్త ముత్తమ్మ గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది.

"నా కోడల్ని గా కార్ల ఎక్కియ్య. ఎట్ల తెచ్చినవో అట్లనే తీస్కపో."

"ఆలస్యమైతే బిడ్డ దక్కదు పెద్దమ్మా. తల్లికీ కష్టమవుతుంది. నా మాట నమ్ము."

"నువ్వు సదువుకున్నదానివి, నీ మాట మంచిదే. గా కార్ల మనిషి సచ్చి బతికింది మా మేనకోడలు కండ్లార సూసింది. ఎడ్లబండి కట్టిస్త, కోదాడ పోయి బస్సెక్కిస్త."

ఇమామ్ చాచా వచ్చి ఎంతో చెప్పాడు. అద్దాలు దింపుతానన్నాడు, తడిబట్టలు పరుస్తానన్నాడు. ఆమె వినలేదు. ఆ అమ్మాయి మాత్రం మంచం మీద నుంచి నా వైపే చూసింది. వాళ్ల ఇంట్లో నేనెంత? నేను బండిలో ఆమె పక్కన కూర్చున్నాను. కారు మా వెనక ఖాళీగా, ఎడ్ల నడకకు సరిపోయేట్టు మెల్లగా వచ్చింది. ఆ ప్రయాణం గురించి ఎక్కువ రాయలేను. కోదాడ చేరి, బస్సు పట్టుకుని దవాఖానకు వచ్చేసరికి మరునాటి మధ్యాహ్నమైంది. డాక్టరమ్మ లక్ష్మిని దక్కించింది. బిడ్డ కడుపులోనే పోయింది.

సాయంత్రం ముత్తమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవలేదు. నేను నీళ్లు ఇస్తే తాగి, గ్లాసు కింద పెట్టి, నా ముఖంలోకి చూసింది. "కారెక్కితే ఇద్దరు పోతరన్నరు. ఎక్కకపోతే ఒక్కటే పోయింది. నేను చేసింది తప్పో ఒప్పో నువ్వే చెప్పు బిడ్డా" అంది. నేను ఆ గ్లాసు మళ్లీ నింపి ఆమె పక్కన పెట్టాను. అవతల కారు పక్కన నిలబడ్డ ఇమామ్ చాచా ఆ మాట విని తల దించుకున్నాడు.

ఆ మర్నాడు డాక్టరమ్మ మా ఇద్దరినీ పిలిచింది. "ఎక్కడానికి జనం భయపడే కారు మనకెందుకు? ఈ నెలాఖరులోపు దారి కనబడకపోతే మిల్లువాళ్లకు ఇచ్చేద్దాం. ఇమాంగారూ, మీరు బాధపడకండి, మీ పనికి ఢోకా లేదు" అంది. చాచా "మీ ఇష్టం డాక్టరమ్మా" అని ఊరుకున్నాడు. కారుతో పాటు తానూ వెళ్లిపోతాడని మా ముగ్గురికీ తెలుసు.

లక్ష్మి కేసు కాగితం రాస్తూ కూర్చున్నాను. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎప్పుడు ఎక్కువ, ఎప్పుడు తక్కువ అని వరసగా రాసుకుపోతున్నదాన్ని ఆగిపోయాను. కారుకు ఈ ప్రశ్నలు ఎవరమైనా వేశామా? ఎప్పటి నుంచి వేడి అంటే ఎండాకాలం నుంచి అని అందరం అనేస్తున్నాం. మరి చలికాలంలో సాయమ్మ తల్లి ఒడి అన్నదేమిటి? బయట మంచు కురుస్తుంటే, తెల్లవారకముందే, లోపల వెచ్చగా ఎలా ఉంది? అప్పుడు ఎండ లేదు కదా. కలం అక్కడే పెట్టి షెడ్డుకు పరిగెత్తాను.

"చాచా, ఈ వేడి ఎండది కాదు. కారులోనే ఎక్కడో పుడుతోంది. చలికాలంలో కూడా ఉంది. మనకు అప్పుడు హాయిగా ఉండి తెలియలేదు."

ఆయనకు కోపం వచ్చింది. నాకు తెలిసి నా మీద ఆయనకు కోపం రావడం అదొక్కసారే. "ఏందో మాట్లాడుతున్నవ్ బిడ్డా. పదిహేనేండ్ల సంది నేను తోలుతున్న. దీన్ల ఏమున్నదో నాకు తెల్వదా? నీకు సూదులు తెలుసు, మందులు తెలుసు. కారు సంగతి నాకిడిసిపెట్టు."

నేను వెళ్లి డాక్టరమ్మతో చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది. తర్వాత, "ఎక్కడ అన్నది ఎలా తెలుసుకుంటావు?" అని అడిగింది. దానికి కూడా నేను ఆలోచించుకునే వెళ్లాను. కరెంటు పోయినప్పుడు వాడే కొవ్వొత్తులు మా దగ్గర డజన్ల కొద్దీ ఉండేవి. వాటిని చిన్న ముక్కలు కోసి, కారు లోపల తలా ఒక చోట అంటిస్తాను. పొద్దు పొడవకముందే, అద్దాలన్నీ మూసి, మునగాల దాకా పోయి వస్తాం. ఏ ముక్క ముందు కరిగితే వేడి అక్కడిది. డాక్టరమ్మ లేచి వచ్చి షెడ్డు ముందు నిలబడింది. "ఇమాంగారూ, అమ్మాయి చెప్పినట్టు ఒక్కసారి చేసి చూద్దాం. ఏమీ తేలకపోతే మీదే గెలుపు" అంది. ఆమె మాట మీద ఆయన ఒప్పుకున్నాడు.

మరునాడు తొలికోడి కూసే వేళకు ముక్కలు అంటించాను. పైకప్పుకు ఒకటి, తలుపులకు రెండు, ముందు సీటు కింద, వెనక సీటు కింద, ముందు నేల మీద, వెనక నేల మీద, చెక్కపలక కింద అటూ ఇటూ. ఒక్కోదాని పక్కన ఊదారంగు పుళ్లమందుతో అంకె వేశాను. చాచా చూస్తూ, "కారుకు మందు రాస్తున్నవా బిడ్డా?" అన్నాడు. నవ్వాలని లేకపోయినా నవ్వొచ్చింది ఆయనకు. కోపం అక్కడితో పోయింది. వెళ్లేటప్పుడు తూర్పున ఇంకా నల్లగానే ఉంది. మునగాల దగ్గర తిప్పుకుని దవాఖానకు వచ్చేసరికి సూర్యుడు అప్పుడే కనబడుతున్నాడు. కారు పైభాగం ముట్టుకుంటే చల్లగా ఉంది.

తలుపు తీసి చూశాం. పైకప్పు ముక్క అలాగే ఉంది. తలుపులవీ అలాగే ఉన్నాయి. చెక్కపలక కింద ఎడమవైపు అంటించిన ముక్క మాత్రం కరిగి, కారి, నేల మీద మడుగు కట్టింది. వెనక నేల మీద ఎడమపక్కది సగం కరిగి వాలిపోయింది. మిగతావాటికి ఏమీ కాలేదు. చాచా వంగి చాలాసేపు చూశాడు.

"చాచా, ఈ పలక కింద ఈ నల్లడబ్బా ఏమిటి?"

"అదా? రేడియో. జాగీర్దార్ సాబ్ పెట్టిచ్చిండు. ఎన్నడూ పలకలే. ఖరాబైంది."

ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. కాలింది. దాని పైన పలకకు ఒక మర, మర కింద చిన్న ఇత్తడి బిళ్ల. ఏళ్ల తరబడి తుడిచి తుడిచి దాని మీది ఇంగ్లీషు అక్షరాలు అరిగిపోయాయి. దూది మీద స్పిరిట్ పోసుకుని మెల్లగా రుద్దితే, ఇరుక్కున్న నూనె జిడ్డు వదిలి అక్షరాల గాట్లు లీలగా కనబడ్డాయి. ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. హీటర్.

డాక్టరమ్మను పిలిచాం. ఆమె వంగి చదివి, పెద్దగా నవ్వేసింది. ఆమె అలా నవ్వగా చూడటం నాకదే మొదలు. "చలిదేశం కారు కదమ్మా! అక్కడ కాళ్లు కొంకర్లు పోకుండా ఇంజనులో కాగిన నీళ్లను ఈ డబ్బాలోకి పంపుతారు. మనం రోహిణి కార్తెలో, ఇంత ఎండలో, కుంపటి రాజేసుకుని తిరుగుతున్నాం!" సాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వాను. ఇమామ్ చాచా నవ్వలేదు.

కారు అడుగుమెట్టు మీద కూర్చుండిపోయాడు. చేతిలో మల్లుగుడ్డ. "ఒక చలికాలం సాబ్ నాతోని గా మర తిప్పిచ్చిండు. ఎందుకని నేనడగలే. మళ్ల ఆయన బంద్ చెయ్యమనలే" అన్నాడు. కొంచెం ఆగి, "గా అక్షరాలు అరగదీసింది గూడ నేనే బిడ్డా. రోజూ తుడిసిన. ఆ పిల్ల బిడ్డ నా వల్లనే పోయింది" అన్నాడు. డాక్టరమ్మ వచ్చి ఆయన ఎదురుగా నేల మీదే కూర్చుంది. తెల్లచీరతో, ఆ నూనె మరకల మీద.

"నేను డాక్టర్ని ఇమాంగారూ. ఇంగ్లీషు చదువుకున్నాను. ఈ కారులో ఎన్నిసార్లు కూర్చున్నాను? నా కాళ్లు కాలుతుంటే చీర ముడుచుకున్నానే గానీ, ఈ డబ్బా ఏమిటని ఒక్కసారీ అడగలేదు. తప్పు పంచుకుంటే మీ వాటాకు కొంచెమే వస్తుంది. లేవండి. వెనకది కూడా చూద్దాం."

వెనక చాప ఎత్తితే నేలరేకు తుప్పుపట్టి రూపాయి బిళ్లంత చిల్లు కనబడింది. అందులోంచి చూస్తే సరిగ్గా కింద పొగగొట్టం. దానికి వేలెడంత పగులు, చుట్టూ నల్లని మసి. డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది. "ఈ పొగ వేడి కంటే ప్రమాదం. ఆ కాలువ పిల్ల స్పృహ తప్పింది ఎండకు కాదు. అద్దాలు మూసిన కారులో దీన్ని పీల్చి" అంది. హీటరు ఒక్కటే అనుకుని ఆగిపోయి ఉంటే ఆ చిల్లు మాకు ఎప్పటికి తెలిసేదో!

ఆ రోజే చాచా, నేను మిర్యాలగూడ వెళ్లాం, అద్దాలన్నీ దింపుకుని. మేస్త్రీ డబ్బాను, దానిలోకి పోయే రెండు రబ్బరు పైపులను చూసి నెత్తి గోక్కున్నాడు. "లారీలల్ల గిసుంటిది నేనెన్నడు సూడలే సిస్టరమ్మా. నీళ్ల పైపులే గదా అనుకున్న" అన్నాడు. మూయడానికి లోపలి మర ఎంత తిప్పినా ఇంజను పక్కనున్న చిన్న కుళాయి తుప్పుతో బిగుసుకుపోయి కదల్లేదు. అందుకని రెండు పైపులనూ డబ్బా నుంచి ఊడదీసి, ఒకదానికొకటి కలిపేశాడు. నీళ్లు ఇంజనులోంచి వచ్చి మళ్లీ ఇంజనులోకే పోతాయి, లోపలికి రావు. పొగగొట్టానికి వెల్డింగు చేసి, నేల చిల్లుకు కొత్త రేకు వేశాడు. పైపులు దూరిన కంతలు కూడా మూసేశాడు. సాయంత్రం నేరేడుచర్ల మీదుగా తిరిగి వస్తుంటే వడగాలి ఇంకా తగ్గలేదు. కారు చల్లబడిందని రాస్తే అబద్ధమవుతుంది. బయట ఎంత వేడో లోపలా అంతే. కానీ నేను చెప్పులు విప్పి పాదాలు నేలకు ఆనించి కూర్చున్నాను, దారి పొడుగునా. చాచా అది గమనించి ఒక లవంగం నా చేతిలో పెట్టాడు. నాకు కడుపు తిప్పడం లేదని ఆయనకూ తెలుసు.

కారు బాగైనంత మాత్రాన పల్లెలు నమ్మవు. పది రోజుల తర్వాత లక్ష్మిని చూసి రమ్మని డాక్టరమ్మ పంపింది. కావాలనే మిట్టమధ్యాహ్నం బయల్దేరాం. లక్ష్మి కోలుకుంటోంది. ముత్తమ్మ మజ్జిగ ఇచ్చింది. జరిగిందంతా ఆమెకు చెప్పాను, ఏమీ దాచకుండా. కారులో తప్పు ఉన్న మాట నిజమేనని, ఆమె భయం ఉత్తిది కాదని, ఆ తప్పు మాకు ముందే తెలియకపోయిందని చెప్పాను. ఆమె ముంత పక్కన పెట్టింది.

"అంటే నేనన్నది నిజమేనా?"

"నిజమే పెద్దమ్మా. మేమే వినలేదు."

"ఇప్పుడు లేదంటవా?"

"నువ్వే కూర్చుని చూడు."

ఆమె లేచి నేరుగా కారు దగ్గరికి వెళ్లింది. ఎప్పుడూ కారు ఎక్కని మనిషి. ఇమామ్ చాచా తలుపు తీసి పట్టుకుని, "నన్ను మాఫ్ చెయ్యమ్మా" అన్నాడు. ఆమె ఆయన ముఖంలోకి ఒకసారి చూసి ఎక్కి కూర్చుంది. ఆ ఎండలో కోదాడ దాకా వెళ్లి తిరిగి వచ్చాం. దారంతా ఆమె ఒట్టి కాళ్లు నేలకు ఆనించే ఉంచింది. మధ్యలో వంగి అరచెయ్యి కూడా పెట్టి చూసింది. ఊళ్లో దిగేసరికి ఇరుగుపొరుగు ఆడవాళ్లు గుమిగూడారు. ముత్తమ్మ చీర దులుపుకుని వాళ్లతో, "మనింట్ల ఎంత ఉడుకో గా కార్ల గంతనే. పొగ లేదు, ఏం లేదు. ఇగ భయం పెట్టుకోకుండ్రి" అంది. ఆమె ఏం పోగొట్టుకుందో ఆ ఊరికంతా తెలుసు. ఆమె చెప్పిన తర్వాత మా మాట అవసరం లేకపోయింది. ఆ ఎండాకాలం ముగిసేలోపు ఆ చుట్టుపక్కల నుంచే కారు చాలామందిని తెచ్చింది.

ఇప్పుడు ఆ దారిలో వెళ్తుంటే గుర్తుపట్టలేను. రోడ్డు వెడల్పయింది, కాలువ నీళ్లు వచ్చి పొలాలు పచ్చబడ్డాయి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు లేచాయి. ఫోను చేస్తే అంబులెన్సు ఇంటి ముందుకు వస్తుంది, లోపల చల్లని గాలి. ఆ రోజులే బాగుండేవని నేను అనను. ఎడ్లబండి వెనక ఖాళీ కారు నడిచిన ఆ దారి నాకు గుర్తుంది. ఈ కాలపు పిల్లలకు అలాంటి దారి లేనందుకు సంతోషమే. కాకపోతే తర్వాతి కాలంలో నర్సు బడిలో పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు, జనం భయపడుతున్నారంటే ముందు వాళ్ల భయంలో నిజమెంతో కనుక్కోండి, తర్వాత ధైర్యం చెప్పండి అని చెబుతూ వచ్చాను. అది పుస్తకంలో చదివింది కాదు. ముత్తమ్మ గుమ్మం దగ్గర నేర్చుకున్నది.

రెండో ఎండాకాలం లక్ష్మి మళ్లీ మా దగ్గరికి వచ్చింది. ఈసారి ముత్తమ్మ ముందుగానే కబురు పంపింది. నొప్పులు మొదలవకముందే కారు వెళ్లి గుమ్మం ముందు నిలబడింది. "కిటికీ పక్కన నేను కూసుంట" అంది లక్ష్మి, ఊరు చూడబోయే పిల్లలాగా. మూడు రోజులు దవాఖానలో ఉంచుకుని, ఈసారీ అడ్డంగానే ఉన్న బిడ్డను పొట్ట మీద నుంచే సర్ది తిప్పి, డాక్టరమ్మ కాన్పు చేసింది. ఆడపిల్ల. దవాఖాన అంతా వినబడేంత గొంతు. ముత్తమ్మ ఆ పిల్లను ఒళ్లో పెట్టుకుని, పేర్లన్నీ తలుచుకుంటూ, ఏదీ నచ్చక, రోజంతా కూర్చుంది.

పదకొండో రోజు వాళ్లను ఊరికి పంపించాం. నేనూ వెంట వెళ్లాను. రోళ్లు పగిలే ఎండ. అద్దాలు దించి, గాలి అటూ ఇటూ ఆడుతుంటే పాప లక్ష్మి ఒళ్లో నిద్రపోయింది. గతుకుల దగ్గర ముత్తమ్మ, "జర మెల్లగ పోనియ్ అన్నా, పిల్ల లేస్తది" అంటూనే ఉంది. ఇమామ్ చాచా ఎడ్లబండి కంటే మెల్లగా నడిపాడు. ఇంటి ముందు దిగాక ఆమె పాపను కోడలి చేతికిచ్చి, తిరిగి వచ్చి, ఆ సున్నం మరకలు ఇంకా పోని కారు మీద అరచెయ్యి వేసి నిమిరింది. నిప్పులాంటి ఎండలో ఆ రేకు ఎంత కాలుతుందో నాకు తెలుసు. ఆమె చెయ్యి తీయలేదు.

"నీ కారు సల్లగుండ అన్నా" అంది. "నువ్వు సల్లగుండు."

ఇమామ్ చాచా తల వంచి ఆ దీవెన తీసుకున్నాడు. తర్వాత కోటు చేతితో కళ్లు తుడుచుకుని, "ఇగ సల్లగనే ఉంటదమ్మా" అని కారు స్టార్ట్ చేశాడు.